కొసరు

డులూత్‌లో జనవరి.
నిచ్చెన పట్టుకుంటే చేతి తోలు దానికే ఉండిపోయే చలి.
సరస్సు మీది గాలి కంపెనీ కోటు కుట్లు
ఒక్కొక్కటే వెతుక్కుని లోపలికొస్తుంది.
ఇప్పుడు నా పని తీగ కలపడం కాదు,
ఊడదీసి, పెట్టె వెనక్కి తేవడం.

ఆర్డిత్ హాల్వర్సన్ తలుపు తీసి
ముందు నా బూట్లు చూసింది.
పాత పేపరు పరిచాక, నన్ను చూసింది.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తిప్పిన చేతులు.
బిల్లులన్నీ బిస్కట్ల డబ్బాలో,
ఏడాదికో రబ్బరు బ్యాండు.

"నలభై తొమ్మిదన్నారు" అంది.
ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో
నలభై తొమ్మిది, అరచెయ్యంత అంకె.
దాని భుజాన చీమ తలకాయంత చుక్క.
ఆ చుక్కని పట్టుకుని కిందికి దిగితే
అట్టడుగున, భూతద్దానికే విసుగొచ్చే అక్షరాల్లో:
పెట్టె అద్దె పధ్నాలుగు,
లైను బాగోగులకి ఆరూ ముప్పావు,
బిల్లు కాగితం మీద పంపినందుకు అయిదు,
పన్ను కాదు గానీ పన్ను పక్కన నిలబడేది
మూడుంపావు.
డెబ్బై ఎనిమిది, పెన్సిలుతో కూడింది ఆవిడ.
రెండుసార్లు కూడింది.
తప్పు తనదే అయ్యుంటుందని.

మా వీధి బేకరీలో ఇంగెబోర్గ్
డజను బన్నులకి పదమూడోది కొసరేస్తుంది.
మా కంపెనీలోనూ కొసరుంది.
కొన్నవాళ్లే మాకు వేస్తారు.

తొమ్మిదేళ్లు, నెలకి పధ్నాలుగు.
ఆ పెట్టె అంగట్లో తొంభై డాలర్లు.
పదహారు కొనుక్కుని
పదిహేడోదానికి బయానా ఇవ్వగలిగేది.
ఆ మాట నా నోటితో చెప్పకూడదు.
బస్సు లెక్క తెలిసిన మనిషి,
పిల్లల తలలు లెక్కపెట్టకుండా ఏ రోజూ బండి తియ్యని మనిషి,
నాకంటే ముందే చేసేసుంది.

"తీసేసినందుకు కూడా ఉందా?"
ఉంది. పాతిక.
నవ్వింది. కాఫీ పోసింది.
"కాఫీ ఊరికేనే. కప్పు మాత్రం అద్దెకి."

ఇకమీదట లైబ్రరీ ముందు కారాపుకుని
ఫార్గోలో ఉన్న చెల్లెలితో మాట్లాడుకుంటుందట,
హీటరు వేసుకుని.
పెట్రోలు ఏ బిల్లులోకొస్తుందో నేను అడగలేదు.

బట్టలుతికే మిషను వెనక ఉంది పెట్టె,
దుమ్ము పట్టి, పిల్లిలా వెచ్చగా.
అడుగున ఆకుపచ్చ కప్ప స్టిక్కరు,
ఒక కన్ను ఎవరో గోటితో గీకేసింది.

గోదాములో స్పిరిటుతో తుడుస్తారు.
కొత్త నంబరు, కొత్త కవరు.
కప్పని ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి మూడోవారం
వేలన్ డూఫో ఇంట్లో కవరు చించాను.
అతని కూతురు మోకాళ్ల మీద కూర్చుని
"నాన్నా, కప్ప!" అంది.
నాకు చెవులు వేడెక్కాయి.
ఇది ఈ రోజే పుట్టినట్టు
ఇక్కడ సంతకం పెట్టమనాలి నేను.

పలకమీద ఆ చుక్క దగ్గర
నా బొటనవేలు ఎప్పుడూ ఉండేచోటే ఉంది.
తీశాను.
చేపలకి వెళ్లేవాళ్లు ఒకరికొకరు
మంచు ఎక్కడ పలచగా ఉందో చెప్పుకున్నట్టు
గొంతు తగ్గించి చెప్పాను:
సొంతది కొనుక్కోవచ్చు. తొంభై. మళ్లీ అద్దె ఉండదు.

వేలన్ నన్ను కాసేపు చూశాడు.
లెక్క రాక కాదు.
"తొంభై ఎప్పుడుంటుందో తెలీదు.
పధ్నాలుగు ఈ శుక్రవారం ఉంటుంది.
పిల్లకి హోంవర్కు రేపు."

సంతకం పెట్టాడు.
నాలుగు పచ్చ దీపాలూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి.
మీటరు తిరగడం మొదలైంది, చప్పుడు లేకుండా.

నేను నిచ్చెన మడుస్తుంటే
పాప పెట్టెని తిరగేసి
కప్పకి రెండో కన్ను గీస్తోంది, నీలం పెన్నుతో.
వెనక్కిచ్చేటప్పుడు
దానికీ ఏదో రుసుము రాసే ఉంటుంది ఎక్కడో.
నేను చూడలేదు.